చీమ కన్ను చిక్కితే మీసం చిక్కదు

చీమ కన్ను స్పష్టంగా వచ్చిన ఫొటోలో దాని మీసాలు పొగలా కరిగిపోతాయి. మీసాలు స్పష్టంగా పడిన ఫొటోలో కన్ను నల్లటి మరకగా మిగులుతుంది. రెండూ కావాలని లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నది చేస్తే ఫొటో అంతా చీకటి. ఆ చీకటిని పోగొట్టడానికి షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచితే, అది మూసుకునేలోగా చీమ తన దారిన తాను పోతుంది. ఒక ముడి విప్పబోతే ఇంకొకటి బిగుస్తుంది.

చిన్నవాటిని బాగా దగ్గర నుంచి తీసే మాక్రో ఫొటోగ్రఫీలోకి అడుగుపెట్టినవాళ్లందరూ మొదటి వారంలోనే ఈ చిక్కులో పడతారు. చాలామంది తప్పును కెమెరా మీదికి నెట్టి, ఇంకా మంచి కెమెరా కోసం వెతుకుతారు. నేనూ కొన్నాళ్లు అదే పని చేశాను. కెమెరా మారింది, చీమ మీసం మాత్రం మసకగానే ఉండిపోయింది. అసలు ఇబ్బంది వెలుగు నడిచే తీరులోనే ఉందని తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది. అది తెలిశాక దేనికోసం పట్టుబట్టాలో, దేన్ని వదులుకోవాలో తేల్చుకోవడం తేలికైంది. అప్పుడిక వింతల కోసం ఎక్కడికో పోనక్కరలేదు. ఉప్పు రవ్వ, సబ్బు పొర, ప్లాస్టిక్ స్కేలు ఉంటే నెలల తరబడి పని దొరుకుతుంది.

ఎంత దగ్గరైతే మాక్రో?

పువ్వును దగ్గర నుంచి తీసిన ప్రతి ఫొటోనూ మాక్రో అనడం వాడుకలో ఉంది. కాని అసలు కొలత వేరు. 12 మిల్లీమీటర్ల చొక్కా గుండీ కెమెరా సెన్సర్ (వెలుగును అందుకుని ఫొటోగా మార్చే పలక) మీద కూడా సరిగ్గా 12 మిల్లీమీటర్ల ప్రతిబింబంగా పడితే దాన్ని 1:1 అంటారు. కచ్చితంగా మాట్లాడేవారు మాక్రో అక్కడి నుంచి మొదలవుతుందని చెబుతారు. ప్రతిబింబం 6 మిల్లీమీటర్లే ఉంటే 1:2, 24 మిల్లీమీటర్లు ఉంటే 2:1. పది రెట్లు దాటాక అది దాదాపుగా సూక్ష్మదర్శిని రాజ్యం. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా సెన్సర్ 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది కాబట్టి, 1:1 దగ్గర ఫొటోలో పట్టేది సుమారు ఒక తపాలా బిళ్లంత జాగా.

పేర్ల విషయంలోనూ కొంత గందరగోళం ఉంది. నికాన్ సంస్థ తన మాక్రో లెన్స్‌లను మైక్రో అని పిలుస్తుంది. 1956లో వచ్చిన తొలి మైక్రో నిక్కార్ పురుగుల కోసమో పువ్వుల కోసమో పుట్టలేదు. కాగితాలను బాగా చిన్నవి చేసి భద్రపరిచే మైక్రోఫిల్మ్‌కు ఎక్కించేటప్పుడు, రోమన్ అక్షరాలకు సరిపోయే లెన్స్‌లు జపాన్‌వారి కంజీ లిపిలో కిక్కిరిసిన గీతల దగ్గర చేతులెత్తేశాయి. ఆ గీతలను విడివిడిగా చూపించగల లెన్స్ కావలసి వచ్చింది. ఇవాళ తుమ్మెద కాలి మీది పుప్పొడిని లెక్కపెట్టే లెన్స్‌ల వంశవృక్షంలో ఒక గుమాస్తా పని ఉందన్నమాట.

ఫోన్ దగ్గరికి వస్తే ఈ నిష్పత్తుల లెక్క తప్పుదారి పట్టిస్తుంది. 6 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న సెన్సర్ మీద 24 మిల్లీమీటర్ల దృశ్యం పట్టిందంటే నిష్పత్తి 1:4 మాత్రమే. కాని తెర మీద చూసేవారికి అది పెద్ద కెమెరాతో 1:1లో తీసినదానికంటే దగ్గరి ఫొటోగా కనిపిస్తుంది. అందుకని ఎవరైనా తమ మాక్రో గురించి చెబితే నేను నిష్పత్తి అడగను, ఫొటోలో ఎన్ని మిల్లీమీటర్ల లోకం పట్టిందని అడుగుతాను.

ఫోన్‌లో ఇంకో సంగతి. బాగా దగ్గరికి తీసుకెళ్లగానే చాలా ఫోన్లు చెప్పాపెట్టకుండా విశాలమైన దృశ్యాన్ని పట్టే అల్ట్రావైడ్ కెమెరాకు మారిపోతాయి. 2021లో వచ్చిన ఐఫోన్ 13 ప్రో ఆ కెమెరాతో 2 సెంటీమీటర్ల దూరం నుంచి ఫోకస్ చేయగలిగింది. అంత దగ్గరికి వెళితే ఫోన్ నీడే వస్తువు మీద పడుతుంది. కొన్ని ఫోన్ల వెనుక లెక్క పెంచడానికి అమర్చిన 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరాల గురించి ఎక్కువ చెప్పను. అవి లేకపోయినా నష్టం లేదు.

ముడి ఎక్కడ పడుతోంది

మొదటి కొరత లోతు. ఫొటోలో ముందూ వెనకా ఎంతమేర స్పష్టంగా ఉందో దాన్ని డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటారు. లెన్స్ రంధ్రం ఎంత ఉందో ఎఫ్ సంఖ్య చెబుతుంది, ఆ సంఖ్య పెరిగే కొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాతో, 1:1 దగ్గర, ఎఫ్/8లో తీస్తే ఆ లోతు సుమారు 1 మిల్లీమీటరు. ఎఫ్/2.8లో అది 0.3 మిల్లీమీటర్లకు కాస్త పైన. అయిదు రెట్లు పెంచి తీస్తే ఎఫ్/5.6 దగ్గర తలవెంట్రుక మందమంత మిగులుతుంది.

ఇంత పలచగా ఎందుకు? వస్తువు కొద్దిగా ముందుకు జరిగితే లెన్స్ వెనుక దాని ప్రతిబింబం కూడా జరుగుతుంది. ఎంత జరుగుతుందన్నది ఆవర్ధనం (వస్తువుకు ప్రతిబింబం ఎన్ని రెట్లు అన్నది) మీద కాదు, దాని వర్గం మీద ఆధారపడి ఉంటుంది. నిలువెత్తు మనిషిని ఫొటో తీసేటప్పుడు ఆవర్ధనం దాదాపు 1:50. ఆ మనిషి 1 సెంటీమీటరు ముందుకు వస్తే ప్రతిబింబం కదిలేది 0.004 మిల్లీమీటర్లు. కెమెరాకు అది తెలియనైనా తెలియదు. 1:1 దగ్గర మాత్రం వస్తువు 1 మిల్లీమీటరు జరిగితే ప్రతిబింబమూ 1 మిల్లీమీటరు జరుగుతుంది. 100 మిల్లీమీటర్ల లెన్స్‌తో (లెన్స్ పేరులోని ఈ సంఖ్య దాని ఫోకల్ లెంగ్త్) లెక్క వేసి చూడండి. చీమ కంటికి 1 మిల్లీమీటరు ముందున్న మీసం కొన ఎంత మసకబారుతుందో, నిలువెత్తు మనిషి మనవైపు చాచిన మీటరు పొడవు కర్ర కొన అంతే మసకబారుతుంది. ముఖం మీద ఫోకస్ చేసి కర్ర కొన మసకగా వచ్చిందని ఎవరూ కెమెరాను తిట్టరు. చీమ దగ్గర తిడతాం, అది చిన్నది కాబట్టి అంతా ఒకేచోట ఉన్నట్టు మనకు అనిపిస్తుంది.

సరే, రంధ్రాన్ని చిన్నది చేద్దాం. ఇక్కడ రెండో కొరత ఎదురవుతుంది. వస్తువుకు దగ్గరైన కొద్దీ అదే వెలుగు సెన్సర్ మీద మరింత వైశాల్యానికి పరుచుకుంటుంది. 1:1 దగ్గర నాలుగో వంతు వెలుగే మిగులుతుంది. లెన్స్ మీద ఎఫ్/8 అని ఉన్నా అది ఎఫ్/16లా పనిచేస్తుంది. దాన్ని ఎఫ్/22కు బిగిస్తే నిజానికి ఎఫ్/44 దగ్గర ఉన్నట్టు.

చీకటికి ఫ్లాష్ ఉంది కదా అనవచ్చు. అప్పుడు మూడో కొరత, వివర్తనం. చిన్న రంధ్రం గుండా వెళ్లేటప్పుడు వెలుగు అంచుల దగ్గర చెదురుతుంది. దానివల్ల ఎంత మంచి లెన్స్ అయినా చుక్కను చుక్కగా చూపించలేదు, చిన్న బిళ్లగా చూపిస్తుంది. 1:1 దగ్గర ఎఫ్/8లో ఆ బిళ్ల వ్యాసం సుమారు 0.02 మిల్లీమీటర్లు. ఎఫ్/22లో 0.06 మిల్లీమీటర్లు. 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ మీద ఒక్కో పిక్సెల్ వెడల్పు 0.006 మిల్లీమీటర్లే కాబట్టి, ఒక్క చుక్క పది పిక్సెళ్ల మేర అలుక్కుపోతుంది. లోతు పెరిగింది, కాని ఆ లోతంతా ఒకే రకమైన మెత్తదనంతో నిండింది. లోతును రంధ్రంతో కొనబోతే స్పష్టతతో చెల్లించవలసి వస్తుంది. అందుకే 1:1 దగ్గర చాలామంది ఎఫ్/8, ఎఫ్/11 మధ్య ఆగిపోతారు.

కదలిక నాలుగోది. చేయి 0.1 మిల్లీమీటరు వణికితే 1:1లో ప్రతిబింబమూ అంతే వణుకుతుంది. అంటే పదహారు పిక్సెళ్లు. ఊపిరి తీసుకోవడం కూడా ఇక్కడ భూకంపమే. దీన్ని మించింది గాలి. మనకు తెలియనంత గాలికి గడ్డి పరక ఫొటో చట్రంలోంచే బయటికి పోయి వస్తుంది.

ఒక అపోహ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పొడవాటి లెన్స్, అంటే ఫోకల్ లెంగ్త్ ఎక్కువున్న లెన్స్ వాడితే లోతు తగ్గుతుందని చాలామంది నమ్మకం. ఆవర్ధనం, ఎఫ్ సంఖ్య మారనంత వరకు 60 మిల్లీమీటర్ల లెన్స్‌కూ 180 మిల్లీమీటర్ల లెన్స్‌కూ లోతు దాదాపు ఒకటే. పొడవాటి లెన్స్ ఇచ్చేది దూరం. 1:1 దగ్గర 60తో వస్తువుకు కొద్ది సెంటీమీటర్ల దాకా వెళ్లాలి, 100తో సుమారు 14 సెంటీమీటర్ల దగ్గర ఆగవచ్చు, 180తో పావు మీటరు దూరం దొరుకుతుంది. గుండీకి ఇది పట్టదు. సీతాకోకచిలుకకు పడుతుంది. పొడవాటి లెన్స్ వెనుక ఉన్న దృశ్యంలోంచి తక్కువ భాగాన్నే తీసుకుంటుంది కాబట్టి నేపథ్యం కూడా చదునుగా, గొడవ లేకుండా వస్తుంది.

బయటపడే దారులు

అన్నిటికంటే పేరున్న దారి ఫోకస్ స్టాకింగ్. కెమెరాను కొద్దికొద్దిగా ముందుకు జరుపుతూ ఒకే వస్తువును అనేకసార్లు తీసి, ప్రతి ఫొటోలోనూ స్పష్టంగా ఉన్న పొరను మాత్రం తీసుకుని సాఫ్ట్‌వేర్‌తో కలుపుతారు. హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ ఈ పనికి పేరుపొందినవి. ఒక్కో పొర 1 మిల్లీమీటరు ఉంటే, పొరలు సగం సగం కప్పుకునేలా 0.5 మిల్లీమీటరు చొప్పున జరుపుతూ పోవాలి. 1 సెంటీమీటరు లోతున్న వస్తువుకు ఇరవై పైచిలుకు ఫొటోలు అవుతాయి. ఆవర్ధనం పెరిగితే ఈ లెక్కకు అంతుండదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ మ్యూజియంలోని పురుగుల నమూనాలను ఫొటోలు తీసిన లెవాన్ బిస్, 2016లో ప్రదర్శనకు పెట్టిన ఒక్కో చిత్రం వెనుక ఎనిమిది వేలకు పైగా ఫొటోలు ఉన్నాయి.

ఈ పద్ధతి కదలని వాటికే. ఒకదాని మీదుగా ఒకటి పోయే వెంట్రుకల దగ్గర సాఫ్ట్‌వేర్ తడబడి వెలుగు మరకలు మిగిల్చడమూ మామూలే. నాకున్న ఫిర్యాదు వేరు. ముందు నుంచి వెనుక వరకు అంతా కత్తి అంచులా కనిపించే ఫొటో ఒక నమూనా పటంలా ఉంటుంది. కన్ను ఎక్కడ ఆగాలో అది చెప్పదు. రేకల అంచు ఒక్కటే తేలి, మిగిలిన పువ్వంతా రంగుల మసకలో మునిగిన ఫొటోలో ఆ మసక కూడా పనిచేస్తోంది. పురుగు జాతిని గుర్తించడానికి తీసేవారికి లోతు అవసరం. మిగిలినవారు మసకను లోపంగా చూడడం మానేసిన రోజు సగం కష్టం తీరుతుంది.

రెండో దారికి పరికరాలేవీ అక్కరలేదు. స్పష్టంగా ఉండే పొర ఒక పలచని అద్దపు పలక లాంటిది, సెన్సర్‌కు ఎప్పుడూ సమాంతరంగా ఉంటుంది. కెమెరాను తిప్పితే ఆ పలకా తిరుగుతుంది. సీతాకోకచిలుక రెక్కలు మూసుకుని ఉన్నప్పుడు పక్కకు వెళ్లి, సెన్సర్ రెక్కకు సమాంతరంగా ఉండేలా నిలబడితే మిల్లీమీటరు లోతులోనే రెక్కంతా వచ్చేస్తుంది. మూడు నాలుగు డిగ్రీలు అటూ ఇటూ అయితే రెక్క కొన మసక. ఫోకస్ రింగు తిప్పడం కన్నా, దాన్ని ఒకచోట ఉంచి శరీరంతో ముందుకూ వెనక్కూ ఊగడం తేలికని చేసిచూస్తే తెలుస్తుంది.

పరికరాల గురించి క్లుప్తంగా చెబుతాను. మామూలు 50 మిల్లీమీటర్ల లెన్స్‌కూ కెమెరాకూ మధ్య 50 మిల్లీమీటర్ల ఎక్స్‌టెన్షన్ ట్యూబులు పెడితే 1:1 వస్తుంది, అందులో గాజు ఉండదు, ఖాళీ గొట్టమే. లెన్స్‌ను వెనక్కి తిప్పి బిగించే రివర్స్ రింగు ఇంకా చవక మార్గం. అలా తిప్పిన 28 మిల్లీమీటర్ల లెన్స్ 2:1 దాటుతుంది. లెన్స్ ముందు తగిలించే క్లోజప్ కటకాలూ ఉన్నాయి. అసలైన మాక్రో లెన్స్ కొనడం చివర చేయవలసిన పని అని నా అభిప్రాయం.

వెలుతురు మాత్రం మొదట ఆలోచించవలసిన విషయం. వెలుగు మెత్తగా ఉండాలంటే దాని మూలం, వస్తువు వైపు నుంచి చూస్తే పెద్దదిగా కనిపించాలి. ఆకాశంలో సూర్యుడు చిన్న చుక్క, అందుకే ఎండలో పేడపురుగు వీపు మీద తెల్లటి మంట పడుతుంది. ఫ్లాష్‌కు ముందు అరచేతంత ట్రేసింగ్ కాగితం పెట్టి, దాన్ని పురుగుకు దగ్గరగా తెస్తే, ఆ పురుగుకు అది సగం ఆకాశం. మాక్రోలో దొరికే అరుదైన సౌకర్యం ఇదొక్కటే, వస్తువు చిన్నది కావడం వల్ల చిన్న కాగితమే పెద్ద దీపమవుతుంది. తక్కువ శక్తితో పేలే ఫ్లాష్ వెలిగి ఆరేది సెకనులో కొన్ని వేల వంతు సమయంలోనే కాబట్టి చేతి వణుకూ గాలీ దాని ముందు నిలిచిపోతాయి. కాని వెలుగు దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. పురుగు మీద సరిపోయిన వెలుగు, అర మీటరు వెనుకనున్న ఆకులను చేరేసరికి ఏమీ మిగలదు. పట్టపగలు తీసిన ఫొటోలు అర్ధరాత్రి తీసినట్టు ఉండడానికి కారణం ఇదే. ఆ నలుపు వద్దనుకుంటే పురుగు వెనుక దగ్గరలోనే ఒక ఆకును నిలబెట్టాలి.

ఇంట్లో ఉన్న వింతలు

1665లో రాబర్ట్ హుక్ తన సూక్ష్మదర్శినితో చూసినవన్నీ పెద్ద పెద్ద బొమ్మలతో మైక్రోగ్రాఫియా అనే పుస్తకంగా వేశాడు. అందులో ఈగ కన్నూ పేనూ బాగా పేరుపడ్డాయి కాని, ఆయన పుస్తకం మొదలుపెట్టింది సూది మొనతో. తరువాత మంగలి కత్తి అంచు, ఆ తరువాత సన్నటి బట్ట. మనిషి చేసిన వాటిలో అత్యంత వాడిగా ఉందనుకున్న సూది మొన గరుకుగా, మొద్దుగా, గుంటలు పడి కనిపించింది. పుస్తకాల్లో ముద్రించిన చుక్క కూడా గుండ్రంగా లేదు, చిందిన బురదలా ఉంది.

సృజన కోరేవారికి ఇంటి వస్తువులు మంచివి కావడానికి కారణం ఇక్కడే ఉంది. తెలియని పురుగు పెద్దదిగా కనిపిస్తే ఆశ్చర్యం ఒక్కటే కలుగుతుంది. రోజూ చేత్తో ముట్టుకునే వస్తువు గుర్తుపట్టలేనట్టు కనిపిస్తే, ఇన్నాళ్లూ దాన్ని పేరుతో గుర్తుపట్టామే తప్ప చూడలేదని తెలుస్తుంది. పైగా అవి ఎగిరిపోవు. ఎన్నిసార్లు విఫలమైనా అక్కడే ఉంటాయి. ఒక్క హెచ్చరిక. మన కంటికి మెరుస్తున్న చెంచా మాక్రోలో దుమ్ము, గీతలు, వేలిముద్రలతో యుద్ధభూమిలా ఉంటుంది. ఇల్లు శుభ్రంగా ఉందన్న నమ్మకాన్ని కాపాడుకోవాలంటే ఈ కళ జోలికి రాకపోవడమే మేలు.

ఉప్పుతో మొదలుపెట్టవచ్చు. రవ్వలను నల్లటి అద్దం మీద నాలుగైదు చల్లి, వెలుగును పక్క నుంచి బాగా కిందుగా పంపితే ఘనాలు లేచి నిలబడతాయి. సోడియం, క్లోరిన్ పరమాణువులు వరుసకట్టే తీరే అంత, రవ్వ పగిలినా చతురస్రపు ముఖాలతోనే పగులుతుంది. డబ్బాలో ఒకదానితో ఒకటి రాసుకున్న రవ్వల మూలలు మాత్రం అరిగి ఉంటాయి. పక్కనే పంచదార పెడితే దాని ముఖాలు ఏటవాలుగా ఉండి, రెండూ ఒకేలాంటి తెల్లటి పొడులన్న మాట అబద్ధమవుతుంది.

ఫోన్ తెర మీద తెల్ల పేజీ తెరిచి 2:1లో తీస్తే అందులో తెలుపు ఎక్కడా ఉండదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం గీతలో చుక్కలో బారులు తీరి ఉంటాయి. తెలుపు మన కంట్లో కలిసిన రంగు. మాక్రో లెన్స్ లేనివారు తెర మీద సన్నటి నీటి తుంపర పడనిచ్చి చూసినా ఆ బొట్టే కటకమై రంగులను విడదీస్తుంది. పత్రికలోని రంగుల బొమ్మను తీస్తే ఇంకో లెక్క, అక్కడ నీలి, గులాబి, పసుపు, నలుపు చుక్కలు.

ప్లాస్టిక్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, నా దృష్టిలో ఇంట్లో చేయగలిగిన వాటిలో ఇంతటి రాబడి ఇంకొకటి ఇవ్వదు. కంప్యూటర్ ఎల్‌సీడీ తెర నుంచి వచ్చే వెలుగు ముందే ధ్రువణం చెంది ఉంటుంది, అంటే దాని తరంగాలన్నీ ఒకే తలంలో ఊగుతుంటాయి. తెర మీద ఖాళీ తెల్ల పేజీ తెరవండి. ఒకే తలంలో ఊగే వెలుగును మాత్రం పోనిచ్చే పోలరైజర్ ఫిల్టర్‌ను లెన్స్‌కు తగిలించి, తెర నల్లబడేదాకా దాన్ని తిప్పండి. ఇప్పుడు మధ్యలో పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలు పెడితే, నల్లటి నేపథ్యం మీద ఆ స్కేలు ఇంద్రధనుస్సు రంగులతో వెలుగుతుంది. కరిగిన ప్లాస్టిక్‌ను అచ్చులోకి నెట్టి చల్లార్చినప్పుడు దాని లోపల ఒత్తిడి గడ్డకట్టి మిగిలిపోతుంది. ఆ ఒత్తిడి ఉన్నచోట వెలుగు రెండు వేగాలతో ప్రయాణించి, ఒక్కో రంగుకు ఒక్కోలా ధ్రువణం మారుతుంది. డేవిడ్ బ్రూస్టర్ 1815లోనే గాజులో గమనించిన విషయం ఇది. తరువాతి కాలంలో ఇంజనీర్లు వంతెనలకూ యంత్ర భాగాలకూ పారదర్శకమైన నమూనాలు చేసి, బరువు ఎక్కడ పడుతోందో ఈ రంగుల్లోనే చదివారు.

రంగుల పట్టీలు ఎక్కడ దగ్గరదగ్గరగా కిక్కిరిసి ఉన్నాయో అక్కడ ఒత్తిడి ఎక్కువ. స్కేలుకు వేలాడదీయడానికి చేసిన కన్నం చుట్టూ చూడండి, అచ్చులోకి ప్లాస్టిక్ ప్రవేశించిన చోట చూడండి. పారదర్శకమైన ప్లాస్టిక్ చెంచాను వేళ్లతో కొద్దిగా వంచితే రంగులు పాకడం కంటికే కనిపిస్తుంది. గాజు ముక్క మీద పారదర్శకమైన అతుకు టేపును అడ్డదిడ్డంగా పొరలు పొరలుగా అంటిస్తే ఒక్కో మందానికి ఒక్కో రంగు వస్తుంది. రంగు పెన్సిల్ లేకుండా బొమ్మ వేసినట్టే. ఈ రంగులు ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ కలపనివి, వస్తువు పుట్టుక చరిత్ర నుంచి వచ్చినవి.

సబ్బు పొర రంగులకు కారణం వేరు. పొర ముందు ముఖం నుంచి తిరిగొచ్చే వెలుగూ వెనుక ముఖం నుంచి వచ్చేదీ కలిసినప్పుడు, పొర మందాన్ని బట్టి కొన్ని రంగులు బలపడి కొన్ని రద్దవుతాయి. ఆ మందం కొన్ని వందల నానోమీటర్లు మాత్రమే (మిల్లీమీటరులో పది లక్షల వంతు ఒక నానోమీటరు). తీగను వలయంగా వంచి సబ్బు నీటిలో ముంచి నిలువుగా పట్టుకుంటే, నీరు కిందికి జారే కొద్దీ రంగుల పట్టీలు దిగుతుంటాయి. చివరికి పై భాగం నల్లగా అవుతుంది. అక్కడ పొర కొన్ని పదుల నానోమీటర్లకు పలచబడి అన్ని రంగులూ రద్దయ్యాయన్నమాట, పగలడానికి ఇక ఎంతోసేపు లేదన్న గుర్తు కూడా. ఇక్కడ అందరూ చేసే పొరపాటు పొర మీదికి వెలుగు వేయడం. పొర అద్దం లాంటిది. వెలిగిన పెద్ద తెల్ల కాగితం ఆ అద్దంలో కనిపించే కోణంలో కెమెరా పెట్టాలి, వెనుక నల్లటి బట్ట ఉండాలి. కాస్త గ్లిజరిన్ కలిపితే పొర ఆయుష్షు పెరుగుతుంది.

ఇంటికీ అడవికీ మధ్య వంతెన లాంటి వస్తువు వెల్క్రో. చెప్పుకో సంచీకో ఉన్న ఆ పట్టీని తీస్తే ఒకవైపు వంగిన కొక్కేలు, మరోవైపు చిక్కుపడ్డ ఉచ్చులు. స్విట్జర్లాండ్ ఇంజనీరు జార్జ్ ద మెస్త్రాల్ 1941లో తన కుక్క బొచ్చుకు అంటుకున్న బర్డాక్ మొక్క ముళ్ల కాయలను పరిశీలించి ఈ ఆలోచనకు వచ్చాడు. బట్టలకు అంటుకునే ఏ ముళ్ల కాయనైనా ఆ పట్టీ పక్కన పెట్టి తీస్తే కథ తనంతట తాను చెప్పుకుంటుంది.

బయట అడుగుపెడితే

ఉదయాన్నే గడ్డి కొసల మీద మెరిసే బొట్లన్నిటినీ మంచు బిందువులనే అంటాం. దగ్గరగా చూస్తే రెండు రకాలు కనిపిస్తాయి. ఆకంతటా సన్నగా జల్లినట్టు ఉన్నవి మంచు. పరక కొసన ఒక్కటే పెద్ద బొట్టు, లేదా ఆకు అంచున ఒకే ఎడంతో పూసగుచ్చినట్టు ఉన్నవి చాలావరకు మొక్క స్వయంగా బయటికి నెట్టిన నీరు. రాత్రివేళ వేళ్లు పీల్చిన నీరు ఆవిరి కాలేక, అంచున ఉండే సన్నని రంధ్రాల్లోంచి ఊరుతుంది. దీన్ని బిందుస్రావం అంటారు. మంచు పడని రోజుల్లోనూ నేల తడిగా ఉంటే దొరుకుతుంది.

బొట్టులో వెనుక పువ్వు తలకిందులుగా కనిపించే ఫొటోలు అందరూ చూసే ఉంటారు, తీయబోయి విసిగినవారూ ఉంటారు. బొట్టు అంచు మీద ఫోకస్ చేస్తే పువ్వు మసక, పువ్వు మీద చేస్తే బొట్టు మసక. ఎందుకంటే ఆ పువ్వు బొమ్మ నిజానికి బొట్టు లోపల ఉండదు. గుండ్రటి నీటి బొట్టు తన వ్యాసార్ధమంత దూరంలో, కెమెరా వైపు గాలిలో బొమ్మను ఏర్పరుస్తుంది. 3 మిల్లీమీటర్ల బొట్టుకు అది ముందు ముఖం నుంచి ఒకటిన్నర మిల్లీమీటర్ల ఇవతల, అంచు గీత నుంచి 3 మిల్లీమీటర్ల ఇవతల. మన లోతు 1 మిల్లీమీటరే. అందుకే రెండు ఫొటోలు తీసి కలపాలి, లేదా బొమ్మకే ఓటు వేసి అంచును వదిలేయాలి. నేను రెండోదే చేస్తాను.

తామరాకు మీద నీటిబొట్టు అని అంటీ ముట్టనివాళ్ల గురించి మనం ఎప్పటినుంచో అంటున్నాం. ఆ అంటకపోవడం ఎలాగో జర్మన్ వృక్షశాస్త్రవేత్త విల్‌హెల్మ్ బార్త్‌లాట్, సహ పరిశోధకుడు నైన్‌హూయిస్ 1997లో వివరంగా చూపించారు. ఆకు మీద సన్నటి బుడిపెలు, వాటి మీద ఇంకా సన్నటి మైనపు స్ఫటికాలు ఉంటాయి. బొట్టు వాటి కొనల మీద మాత్రం నిలబడి, కింద గాలిని బంధిస్తుంది. పక్క నుంచి ఏటవాలుగా తీస్తే బొట్టు అడుగు వెండి పూసినట్టు మెరుస్తుంది. ఆ వెండి, చిక్కిన గాలి పొర దగ్గర వెలుగు సంపూర్ణాంతర పరావర్తనం చెందడం, అంటే నీటిలోంచి బయటికి పోకుండా పూర్తిగా వెనక్కి తిరగడం. సామెతను ఫొటో తీయగలిగే అవకాశం ఇలా అరుదుగా దొరుకుతుంది.

మొక్కలను ఇలా చూడడం నేర్పినవారిలో జర్మనీకి చెందిన కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ నాకు ఇష్టం. ఆయన విద్యార్థులకు శిల్పరచన నేర్పడానికి, స్వయంగా అమర్చుకున్న కెమెరాతో మొగ్గలనూ చుట్టుకున్న ఫెర్న్ చిగుళ్లనూ తీసేవాడు. 1928లో పుస్తకంగా వచ్చేదాకా బయటివారికి ఆయన పేరు పెద్దగా తెలియదు. నేపథ్యం బూడిదరంగు, వెలుగు నెమ్మది, కోణం ఎదురుగా, అంతే. చిగురు ఇనుప కమ్మీ పనిలా కనిపిస్తుంది. అమెరికాలో విల్సన్ బెంట్లీ అనే రైతు 1885లో మంచు స్ఫటికాన్ని సూక్ష్మదర్శిని గుండా ఫొటో తీయగలిగి, 1931లో చనిపోయేదాకా అయిదు వేలకు పైగా తీశాడు. కరిగిపోయేలోగా తీయాలి, ఊపిరి తగలకూడదు. మన చీమ బాధ దీని ముందు చిన్నదే.

పురుగుల విషయంలో ఒక మాట గట్టిగా చెబుతాను. కదలకుండా ఉంటాయని వాటిని ఫ్రిజ్‌లో పెట్టడం, జిగురుతో అంటించడం కొందరు చేస్తున్నారు. అలా తీసిన ఫొటోల్లో కాళ్లు నేలను పట్టుకున్న తీరులోనే తేడా తెలిసిపోతుంది. చల్లటి ఉదయాల్లో పురుగుల శరీరం వేడెక్కేదాకా అవి తమంతట తామే మందకొడిగా ఉంటాయి, త్వరగా లేస్తే చాలు. సీతాకోకచిలుక రెక్క మీది పొలుసులు ఇంటి పెంకుల్లా ఒకదాని మీదికి ఒకటి ఒరిగి ఉండడం, తూనీగ కంట్లో వేల సంఖ్యలో ఉండే షడ్భుజుల గళ్లు, ఇవన్నీ ఆ గంటలో దొరుకుతాయి. నీడ కదిలితే పురుగు బెదురుతుంది కాబట్టి సూర్యుణ్ని వీపు వెనుక పెట్టుకోకుండా పక్క నుంచి వెళ్లాలి.

ఇక మొదట వదిలేసిన చీమ. చీమ ఎంత తొందరలో ఉన్నా మధ్యమధ్య ఆగి మీసాలు శుభ్రం చేసుకుంటుంది. ముందు కాలి మీద దువ్వెన లాంటి అమరిక ఉంటుంది, మీసాన్ని వంచి అందులోంచి లాగుతుంది. ఆ రెండు మూడు సెకన్లూ కాళ్లు కదలవు, మీసం ముఖం పక్కకు వచ్చి కంటితో ఇంచుమించు ఒకే తలంలో నిలుస్తుంది. పక్క నుంచి, ఎఫ్/8లో, కాగితం కప్పిన ఫ్లాష్‌తో సిద్ధంగా ఉంటే ఆ మిల్లీమీటరులోనే రెండూ పడతాయి. నాకు పడడానికి మూడు ఉదయాలు పట్టింది, మూడో రోజు ఫొటోలో కాలి దువ్వెన మాత్రం మసకగా వచ్చింది.